మర్యాదస్తుల జబ్బు

ఆ పొద్దున లెక్కలాయన వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. మామగారిని లేపాలి. కారెక్కించాలి. తొమ్మిదింటికల్లా ఆఫీసుకు చేర్చాలి. ఆయన చేతిలోంచి ఒక ట్యూబు రక్తం తీయించాలి. సాయంత్రం ఎలా తీసుకెళ్లాడో అలాగే తెచ్చి భార్యకు అప్పజెప్పాలి. ఈ మధ్యలో ఎక్కడో తన ఉద్యోగం నిలబడుతుంది. మామగారి వల్ల తనకొక మేలు జరగబోవడం పెళ్లయ్యాక ఇదే మొదటిసారి కనుక, అతను అద్దం ముందు మామూలు కన్నా ఎక్కువసేపు నిలబడ్డాడు.

అతని అసలు పేరు ఆఫీసులో జీతాలు వేసేవాళ్లకు తప్ప ఎవరికీ గుర్తు లేదు. అందరూ లెక్కలాయన అనేవారు. అది జన్యువుల్లో జబ్బుల జాడ వెతికే పరిశోధన సంస్థ. నర్సు రక్తం తీస్తుంది. ఆ రక్తంలో ఏ జన్యువు ఒళ్లు వంచి పనిచేస్తోందో, ఏది కునుకు తీస్తోందో మెషీను కొలిచి అంకెలు కుమ్మరిస్తుంది. ఆ అంకెల్లోంచి జబ్బును పట్టే ప్రోగ్రాం రాయడం లెక్కలాయన పని. అతను ఎంచుకున్న జబ్బు గౌట్. రక్తంలో యూరిక్ ఆమ్లం పేరుకుని, కాలి బొటనవేలి కీలులో గాజుముక్కల్లా దిగి, దుప్పటి తగిలినా మనిషి చేత కేకలు పెట్టించే జబ్బు. మాంసం తింటే ఇంకా రెచ్చిపోతుంది. దాన్నే ఎందుకు ఎంచుకున్నావని అతని ఇంటికి ఒక్కసారి వచ్చినవాళ్లెవరూ అడగరు.

ప్రోగ్రాం నేర్చుకోవడానికి రెండు రకాల రక్తం కావాలి. గౌట్ ఉన్నవాళ్ల రక్తం ఊరవతలి ఆస్పత్రి నుంచి వ్యానులో వచ్చింది. లేనివాళ్ల కోసం ఊరంతా తిరగడం దేనికని ఆఫీసు వాళ్లనే మెషీను పక్కన కూర్చోబెట్టి తీయించాడు. అన్నీ ప్రోగ్రాంకు చూపించాడు. తర్వాత అలాగే వచ్చిన కొత్త రక్తాలిచ్చి పరీక్ష పెట్టాడు. వందకి వంద. బడిలో మొద్దు పిల్లాడికి వందకి వంద వస్తే పంతులు ముందు వాడి పక్కవాడి పలక చూస్తాడు. లెక్కలాయన చూడలేదు. తిన్నగా డైరెక్టర్ గదికి పరిగెత్తాడు.

అతని కాంట్రాక్టు ఆ వారంతో ఆఖరు. ఇద్దరు సభ్యుల తనిఖీ కమిటీ వస్తోంది. వాళ్ల ముందు ప్రోగ్రాం నెగ్గితే పొడిగిస్తారు, ఓడితే ఇంటికే. ఇంటికి వెళ్లడానికి అతనికి భయం లేదు. ఇంట్లో ఎవరుంటారన్నదే భయం. భార్య బ్యాంకుకు వెళ్లిపోతుంది. మిగిలేది మామగారు. రిటైరైన జడ్జి. కుర్చీ దిగి చాలాకాలమైనా తీర్పులు మానలేదు.

"పోతే పోనివ్వండి ఉద్యోగం," అని భార్య ధైర్యం కూడా చెప్పింది. "నాన్నని చూసుకోడానికి వేరే మనిషిని వెతుక్కునే బాధ తప్పుతుంది."

ఆ ఓదార్పు విన్నప్పటి నుంచి అతనికి అన్నం సహించడం లేదు.

"ఏమయ్యా అల్లుడూ, నన్ను పిలిచింది సాక్షిగానా, ముద్దాయిగానా?" అన్నారు జడ్జిగారు, వదులు చెప్పులో కాలు దూరుస్తూ.

"సాక్షిగానే మామయ్యగారూ. మీకు గౌట్ ఉందని మీ రక్తం చూసి కంప్యూటర్ చెప్తుంది. మిగతావాళ్లకి లేదని చెప్తుంది. అంతే."

"అది చెప్పేదేంటి? నేను వీధంతా వినపడేలా అరిచి చెప్తున్నాగా."

"మీరు చెప్తే కమిటీ నమ్మదండీ."

"ఎంతమంది చెప్పింది నమ్మకుండా లోపలికి తోశానో. ఇప్పుడు నా వంతన్నమాట. పద."

గుమ్మం దగ్గర భార్య ఆపింది. "ఏమండీ, నాన్నని క్యాంటీన్ వైపు పోనివ్వకండి. మాంసం వాసన తగిలిందంటే నడవలేనన్న మనిషి పరిగెడతాడు."

"నేను చూసుకుంటాగా."

"మీరు చూసుకుంటారనే చెప్తున్నాను," అంది ఆమె.

ఆఫీసు హాలులో డైరెక్టర్ అప్పటికే పెళ్లివారి హడావుడిలో ఉన్నాడు. బల్ల మీద తెల్లగుడ్డ పరిపించాడు. దాని మీద పళ్లెం, పళ్లెంలో ట్యూబులు. వెనక పెద్ద తెర, పక్కన వేడి కక్కే ప్రొజెక్టర్, అటుపక్క కిటికీలోంచి తిన్నగా పళ్లెం మీద ఎండ. ఫొటోలో వెలుతురు బాగా పడుతుందని బల్లను అక్కడికి తనే జరిపించాడు. డైరెక్టర్ మంచివాడు. మంచివాళ్లతో వచ్చే కష్టాలన్నీ ఆయనతోనూ ఉన్నాయి.

కమిటీలో పెద్దావిడ ఒక ఆస్పత్రిలో రక్తపరీక్షల ల్యాబుకు అధికారి. ఆవిడ నవ్వగా చూసినవాళ్లు లేరు. రెండో ఆయన ఆడిటర్. ఆయనకు లెక్కలంటే నమ్మకం, జబ్బులంటే అంతకన్నా నమ్మకం. జేబులో ఎప్పుడూ నాలుగు రకాల మాత్రలుంటాయి. ఆ రోజు కొత్త బూట్లు వేసుకొచ్చాడు.

నర్సు పెద్దావిడ చేతిలోంచి, ఆడిటర్ చేతిలోంచి, డైరెక్టర్ చేతిలోంచి ఒక్కో ట్యూబు తీసింది. ఎవరి ట్యూబు మీద వాళ్లే సంతకం పెట్టారు. తర్వాత జడ్జిగారి వైపు తిరిగింది.

"తాతగారూ, చొక్కా చెయ్యి పైకి మడవండి."

"ఎవరికమ్మా తాతని? నీకా, మీ అమ్మకా?"

"అయ్యో, మర్యాదకి అన్నానండీ."

"అంత మర్యాద నాకక్కర్లేదు. ఈ విచారణ వాయిదా," అని జడ్జిగారు చొక్కా చెయ్యి కిందికి దించేసి, చేతికర్ర అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

లెక్కలాయన బతిమాలాడు. గడ్డం పట్టుకోవడం ఒక్కటే తక్కువ. జడ్జిగారు కిటికీలోంచి బయటి చెట్లకేసి చూశారు. ఈలోగా డైరెక్టర్ మైకు అందుకున్నాడు.

ఆ మైకు పట్టుకున్న చేతిని మళ్లీ విడిపించడం ఎవరి వల్లా కాదని సంస్థలో అందరికీ తెలుసు. ఆయన సంస్థకు స్థలం వెతికిన రోజుల దగ్గర మొదలుపెట్టాడు. పునాది తవ్వినప్పుడు నీళ్లు పడ్డాయన్నాడు. ఆ నీళ్లు ఎవరు తోడారో చెప్పాడు. తోడినవాళ్లలో ఇప్పుడు ఎవరెక్కడున్నారో చెప్పడం మొదలుపెట్టేసరికి ఎండ పళ్లెం దాటి బల్ల అంచుకు వచ్చింది. ఆడిటర్ గడ్డం గుండెల మీద వాలింది.

లెక్కలాయన వంగి వంగి వేదిక పక్కకు వెళ్లాడు. "సార్, ట్యూబులు లోపలికి పంపించేద్దామా?"

"ఆగవయ్యా, గ్రూప్ ఫొటో కాలేదు," అన్నాడు డైరెక్టర్, మైకు తీయకుండానే. ఆ మాటకు ఆడిటర్ ఉలిక్కిపడి లేచి చప్పట్లు కొట్టాడు.

ఫొటో అయ్యేసరికి భోజనాల వేళైంది. జడ్జిగారికి ఆకలేసింది. రక్తం ఇస్తే గాని భోజనం లేదని అల్లుడు మొండికేశాడు. నర్సు ఈసారి "జడ్జిగారూ" అంది, రెండు చేతులూ కట్టుకుని. వెంటనే చెయ్యి వచ్చింది. ట్యూబు నిండీ నిండగానే లెక్కలాయన లాక్కుని మెషీను గదికి పరుగెత్తాడు. ఎండలో కాగిన మూడింటినీ ఈ వేడివేడి ట్యూబునూ కలిపి మెషీనులో పెట్టి, మీట నొక్కి, దండం పెట్టుకున్నాడు.

గంట లోపే అంకెలొచ్చాయి. ప్రోగ్రాం వాటిని నమిలింది. గౌట్ ఉంటే తెర మీద ఎరుపు, లేకపోతే ఆకుపచ్చ.

పెద్దావిడ: ఎరుపు. ఆడిటర్: ఎరుపు. డైరెక్టర్: ఎరుపు. జడ్జిగారు: పచ్చిగడ్డిలా ఆకుపచ్చ.

డైరెక్టర్ ప్రొజెక్టర్‌ను అరచేత్తో రెండుసార్లు తట్టాడు.

"తారుమారయ్యాయేమో," అన్నాడు డైరెక్టర్ నీరసంగా. సంతకాలు చూశారు. కాలేదు.

పెద్దావిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "అంటే మీ ప్రోగ్రాం తప్పన్నమాట."

లెక్కలాయనకు ఇల్లు కళ్లముందు ఆడింది. ముందుగదిలో పడక్కుర్చీ, పడక్కుర్చీలో మామగారు, పక్కన స్టూలు మీద తను. "తప్పు కాదు మేడమ్," అన్నాడు. అన్నాక తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "వందకి వంద వచ్చిన ప్రోగ్రాం."

"అయితే మీ మామగారికి గౌట్ లేదా?"

"లేదు మేడమ్."

"మరి కుంటుతున్నారే?"

"అలవాటండీ."

జడ్జిగారు చేతికర్ర నేలకేసి కొట్టారు. "అల్లుడూ! ఆ మాట మళ్లీ అను. అందరూ వినేలా అను."

"మీకు... గౌట్ లేదు మామయ్యగారూ."

"రికార్డులో రాసుకోండి!" అన్నారు జడ్జిగారు హాలంతటికీ. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇన్నేళ్లు కూతురు పెట్టిన ఉప్పూ కారం లేని తిండి తిన్నాను. జైల్లో కూడా వారానికోసారి మాంసం పెడతారు. నేనే పెట్టించాను! నిర్దోషినని ఇవాళ తేలింది. క్యాంటీన్ ఎటువైపు?"

"మామయ్యగారూ, వద్దండీ," అని లెక్కలాయన అడ్డం వెళ్లాడు.

"ఎందుకు వద్దు? జబ్బు ఉందనా, లేదనా? సూటిగా చెప్పు."

పెద్దావిడ చూస్తోంది. లెక్కలాయన పక్కకు జరిగాడు. జడ్జిగారు కర్ర చంకలో పెట్టుకుని, కూతురు చెప్పినట్టే, పరిగెత్తారు.

ఇక ఆడిటర్. ఎరుపు చూసినప్పటి నుంచి కుర్చీలో వెనక్కి వాలి, కుడికాలి వంక తదేకంగా చూస్తున్నాడు.

"ఇదిగో," అన్నాడు చివరికి. "ఇప్పుడే సూదితో పొడిచినట్టుంది. బొటనవేలు."

"కొత్త బూట్లు కదండీ," అంది నర్సు.

"నువ్వు కంప్యూటర్ కన్నా ఎక్కువా?" అన్నాడు ఆడిటర్. బూటు విప్పాడు, మేజోడు విప్పాడు. వేలు ఎర్రగానే ఉంది. రోజంతా బూటులో నలిగిన వేలు ఇంకే రంగులో ఉంటుంది? కానీ ఆడిటర్ "అమ్మో" అన్నాడు. ఆయన అనగానే డైరెక్టరుకు ఎడమకాలు లాగింది. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని సోఫా దాకా కుంటుకుంటూ వెళ్లారు.

"నాకే నొప్పీ లేదు," అంది పెద్దావిడ.

"వస్తుంది మేడమ్," అన్నాడు ఆడిటర్ జాలిగా. "ధైర్యంగా ఉండండి."

ఆవిడ నర్సు వైపు తిరిగింది. "ఈ భవనంలో ఉన్న అందరి రక్తం తీయండి. తేలిపోతుంది."

అదే సమయానికి లెక్కలాయన ఫోను మోగింది. భార్య.

"ఏమండీ, నాన్న ఫోన్ చేసి నా మీద దావా వేస్తానంటున్నాడు. ఇన్నాళ్లూ అక్రమంగా నిర్బంధించానట. నోట్లో ఏదో నములుతూ మాట్లాడుతున్నాడు. ఏం నములుతున్నాడు?"

"పాలకూర అయ్యుంటుంది."

"పాలకూరకి అంత నమలక్కర్లేదు. ఏం జరుగుతోందక్కడ?"

"ప్రోగ్రాం బాగా పనిచేస్తోంది," అని ఫోను పెట్టేశాడు.

నర్సు వరండాలో బల్ల వేసుకుని కూర్చుంది. సిబ్బంది వరస కట్టారు. వరస అన్న మాటే గాని, స్టోర్ కీపర్ భుజం పెట్టి ముందుకు దూరాడు. అతని వెనకే టైపిస్టు, ఆమె వెనక ఎలక్ట్రీషియన్, ఇంకా అలాంటి సమర్థులు. క్యాంటీన్‌కైనా, బస్సుకైనా, జీతాల కిటికీకైనా ఎప్పుడూ ముందుండేది వీళ్లే. వెనక "మీరు కానివ్వండి", "అయ్యో, మీరే ముందు" అనుకుంటూ మిగతావాళ్లు. నర్సు చెయ్యి చురుకైంది. అందరి రక్తం చకచకా తీసి వరసగా పళ్లేల్లో పెట్టేసింది. మెషీను మాత్రం ఒక్కసారికి ఎనిమిదే మింగుతుంది. మిగతా పళ్లేలు బల్ల మీద తమ వంతు కోసం కూర్చున్నాయి.

మొదటి విడత: ఎనిమిదీ ఆకుపచ్చ. స్టోర్ కీపర్ రెండు చేతులూ పైకెత్తి అందరికీ చూపించుకున్నాడు. రెండో విడత: కొన్ని అటు, కొన్ని ఇటు. మూడో విడత నుంచి తెరంతా కుంకుమ చల్లినట్టే.

కుంటడం మొదలైంది. లైబ్రరీ ఆవిడ కుంటింది. లిఫ్ట్ దగ్గరి కాపలాదారు కుంటాడు. తోటమాలి రెండు కాళ్లతోనూ కుంటబోయి కింద పడ్డాడు.

తెర వంక చూస్తూ డైరెక్టర్ సోఫాలోంచి లేచాడు. ఆయన జీవితంలో ఎన్నడూ ఒక కొత్త విషయం కనిపెట్టలేదు. అందుకని అది వచ్చినప్పుడు గుర్తుపట్టే అనుభవం కూడా లేదు.

"చూశావటయ్యా లెక్కలాయనా!" అన్నాడు. "ఆకుపచ్చ ఎవరికి? తోసుకుని ముందుకొచ్చినవాళ్లకి. ఎరుపెవరికి? పోనీలే అని వెనక నిలబడ్డవాళ్లకి. మేడంగారు మర్యాదస్తురాలు. ఆడిటర్ గారు మర్యాదస్తులు. నా సంగతి నేను చెప్పుకోకూడదు. మీ మామగారు ఆకుపచ్చ! ఇంకేం సాక్ష్యం కావాలయ్యా? మర్యాదకీ గౌటుకీ జన్యువుల్లో సంబంధం ఉంది!"

"సార్, ఒక్కసారి ఆలోచిద్దాం..."

"ఆలోచించేదేముంది? వందకి వంద అన్నావుగా?"

పది నిమిషాల్లో నోటీసు బోర్డు మీద కాగితం పడింది. మర్యాదస్తుల్లో గౌట్ కలిగించే జన్యు లక్షణాన్ని ఈ సంస్థ కనుగొన్నదని, సిబ్బంది తగు జాగ్రత్తలు తీసుకోవలసిందని.

దాంతో ఆఫీసు నిలువునా రెండుగా చీలింది. ఎరుపు వచ్చినవాళ్లు కుంటుతూనే తలలెత్తుకున్నారు. ఆడిటర్ బూట్లు చేత్తో పట్టుకుని, "మా అమ్మ చిన్నప్పుడే అనేది, నీ మెతకదనమే నిన్ను తినేస్తుందిరా అని," అంటూ కనిపించినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. ఆకుపచ్చ వాళ్లు డైరెక్టర్ గదిని చుట్టుముట్టారు.

"అంటే నాకు మర్యాద లేదనా సార్ మీరనేది?" అన్నాడు స్టోర్ కీపర్, డైరెక్టర్ చొక్కా గుండీ పట్టుకుని.

"నేననలేదయ్యా, నీ రక్తం అంది."

"మా ఇంటిల్లిపాదికీ మర్యాదే సార్! కావాలంటే మా అన్నయ్యని అడగండి. అడక్కపోతే ఊరుకోను!"

"నాకు మళ్లీ పరీక్ష చెయ్యాల్సిందే," అని టైపిస్టు బల్ల గుద్దింది. "రేపు మా అత్తగారి చెవిన పడితే ఇంకేమైనా ఉందా? ఇన్నాళ్లూ నోటితో అంటున్నది ఇప్పుడు సైన్సు కూడా అందంటుంది."

లెక్కలాయన ఈ గోలలోంచి తప్పించుకుని మెషీను గదిలోకి వచ్చి తలుపేసుకున్నాడు. బల్ల మీద ఆఖరి పళ్లెం. నర్సు ఎప్పుడో తీసిన రక్తం. ఇంకా వంతు రాలేదు. దాని పక్కనే కూలబడి, ఈ ఎనిమిదీ ఎరుపే వస్తాయనుకున్నాడు. చూడకుండానే ఎందుకు తెలిసిందా అని ఆలోచించాడు. అప్పుడు గోడ గడియారం వైపు చూశాడు.

ఒంట్లోంచి బయటపడ్డ రక్తం చచ్చిపోదు. అందులోని కణాలు గాలాడక, తిండి లేక, గంట గంటకూ కంగారు పడతాయి. పడుకున్న జన్యువులు లేస్తాయి, లేచినవి పడుకుంటాయి. మొదటి పళ్లెం తాజాది, ఆకుపచ్చ. ఆఖరివి ఎదురుచూసినవి, ఎరుపు. కమిటీ రక్తం డైరెక్టర్ ఉపన్యాసమంతా ఎండలో కూర్చుని విన్నది. మామగారి రక్తం వేడి తగ్గకుండా మెషీనులో పడింది. అసలు మొదట్లో రోగుల రక్తం? వ్యానులో. ఊరవతలి నుంచి. దారిలో ఎన్ని చోట్ల ఆగుతూ వచ్చిందో. ఆఫీసు వాళ్ల రక్తం? మెషీను పక్కనే.

ఇన్నాళ్లూ ప్రోగ్రాం గౌట్ నేర్చుకోలేదు. నిలవ రక్తానికీ తాజా రక్తానికీ తేడా నేర్చుకుంది. అందులోనే వందకి వంద తెచ్చుకుంది.

తలుపు తట్టారు. పెద్దావిడ. చేతిలో అతని కాంట్రాక్టు పొడిగింపు కాగితం, కలం.

"మీ డైరెక్టర్ చెప్పే మర్యాద సంగతి నాకు నమ్మబుద్ధి కావడం లేదు," అంది ఆవిడ. "కానీ ముందువాళ్లకీ వెనకవాళ్లకీ ఇంత తేడా ఊరికే రాదు. ఏదో ఉంది. ఒక్క మాట చెప్పండి, సంతకం పెడతాను. మీకు ఈ ప్రోగ్రాం మీద నమ్మకమేనా?"

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి అవకాశం ఎవరికీ దొరకదు. గదిలో మూడో మనిషి లేడు. అడిగింది తెలివిగల మనిషి. కలం ఇంకా కాగితానికి తగల్లేదు.

"నమ్మకమే మేడమ్," అన్నాడు లెక్కలాయన.

కలం కాగితానికి ఆనబోయింది. సరిగ్గా అప్పుడు క్యాంటీన్ వైపు నుంచి ఒక కేక వచ్చింది. అలాంటి కేక లెక్కలాయన వీధివాళ్లకు అలవాటే. ఈ భవనానికి కొత్త. మెట్ల మీద ఎవరో గ్లాసులు పడేశారు. స్టోర్ కీపర్ డైరెక్టర్ గుండీ వదిలేశాడు.

వరండా చివర్నుంచి ఎంగిలి పళ్లేలు మోసే తోపుడు బండి వచ్చింది. వంటాయన నెడుతున్నాడు. బండి మీద జడ్జిగారు, కుడికాలు గాల్లో, బొటనవేలు పండిన టమాటాలా. వేలి మీద ఈగ వాలబోతే దాన్ని కూడా బెదిరిస్తున్నారు.

"నా తప్పు లేదండీ," అన్నాడు వంటాయన. "కాలేయం వేపుడు మూడు పళ్లేలు తిన్నారు. వద్దంటే కోర్టు ధిక్కారం అన్నారు."

"అల్లుడూ!" అన్నారు జడ్జిగారు. "ఇందాక ఇచ్చిన తీర్పు కొట్టేస్తున్నాను. నాకు గౌట్ ఉంది! నీ కంప్యూటర్ దొంగసాక్ష్యం చెప్పింది. దాన్ని బోను ఎక్కించండి!"

పెద్దావిడ ఆ వేలిని చూసింది. తర్వాత లెక్కలాయనను చూసింది. కలానికి మూత పెట్టింది. ఆ మూత పడిన చప్పుడు అతనికి చెంప మీద వినిపించింది.

"ఇప్పుడు చెప్పండి," అంది.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. వ్యాను సంగతి, ఎండ సంగతి, పళ్లేల సంగతి అన్నీ కక్కేశాడు. డైరెక్టర్ ఉపన్యాసం సంగతి వచ్చినప్పుడు మాత్రం "కొంత ఆలస్యమై" అన్నాడు. ఉద్యోగం పోతున్నవాడికి కూడా అలవాట్లు పోవు. ఆవిడ నమ్మలేదు. తన చెయ్యి, ఆడిటర్ చెయ్యి చాపించింది. నర్సు తీసిన రక్తం తీసినట్టే మెషీనులోకి వెళ్లింది. అందరూ తెర ముందు నిలబడ్డారు.

రెండూ ఆకుపచ్చ.

"మీకు గౌట్ లేదండీ," అంది నర్సు ఆడిటర్‌తో.

ఆడిటర్ మొహం వాడిపోయింది. "అంటే నేను మర్యాదస్తుణ్ణి కానా?"

ఆయన కాసేపు కుంటి, ఎవరూ చూడడం లేదని గ్రహించి, మామూలుగా నడిచాడు.

లెక్కలాయన తన బల్ల సొరుగు లాగి, సొంత వస్తువులు ఏరుకోవడం మొదలుపెట్టాడు. ఒక దువ్వెన, ఒక గ్లాసు, తలనొప్పి మాత్రలు. మాత్రలు ముందు జేబులో వేసుకున్నాడు, ఇంట్లో అవసరమవుతాయి. వరండాలోంచి మామగారి కేక మరొకటి వచ్చింది. ఇకమీద పొద్దస్తమానం అదే పాట.

"ఆగండి," అంది పెద్దావిడ వెనకనుంచి. "రక్తం ఎంతసేపు నిలవుందో కూడా చెప్తుందా మీ ప్రోగ్రాం?"

"నేర్పితే చెప్తుంది మేడమ్. ఎండలో పెట్టారా, నీడలో పెట్టారా అన్నది కూడా నేర్పొచ్చు."

"మా ల్యాబుకి రోజూ ఊరి నలుమూలల నుంచీ రక్తం వస్తుంది. తెచ్చిన ప్రతివాడూ ఇప్పుడే తీశారంటాడు. ఒకడు దారిలో పెళ్లిభోజనం చేసి వస్తాడు. ఒకడు సినిమా చూసి వస్తాడు. నిలవ రక్తానికి పరీక్ష చేసి, లేని జబ్బులకి మందులు రాసి, పేషెంట్లతో తిట్లు తినేది నేను. ఏళ్ల తరబడి ఈ అబద్ధం పట్టే సాధనం కోసం వెతుకుతున్నాను." ఆవిడ కలం మూత మళ్లీ తీసింది. "జబ్బులు పట్టడం మీ వల్ల కాదు గాని, ఇది చెయ్యండి."

కాగితం మీద 'గౌట్' అన్న మాట కొట్టేసి, పక్కన 'నిలవ' అని రాసి, అడిగిన దానికన్నా రెండేళ్లు ఎక్కువకే సంతకం పెట్టింది. లెక్కలాయన చేతిలోని దువ్వెన మళ్లీ సొరుగులో వేశాడు.

"నేను మొదట్నుంచీ అంటున్నది ఇదే మేడమ్," అన్నాడు డైరెక్టర్, మైకు ఎక్కడుందా అని వెతుకుతూ.

సాయంత్రం జడ్జిగారిని గుమ్మంలో దించితే భార్య తండ్రి కాలి వేలు చూసింది, మొగుడి మొహం చూసింది, లోపలికి వెళ్లి బ్యాంకుకు ఫోన్ చేసి సెలవు పెట్టింది. జడ్జిగారు మంచం మీంచి అల్లుడి మీద కేసు వేస్తానన్నారు. అల్లుడు మర్నాడు పొద్దున్నే, అందరికన్నా ముందే ఆఫీసుకు బయల్దేరాడు. ఇంటికి దూరంగా ఉండడానికి అతని దగ్గర ఇప్పుడు సంతకం పెట్టిన కాగితం ఉంది.

ఆఫీసులో పాత నోటీసు పక్కన దిద్దుబాటు నోటీసు వేలాడుతోంది. మర్యాదకూ గౌటుకూ ఏ సంబంధమూ లేదని, సిబ్బంది ఎప్పటిలాగే మర్యాదగా మసలుకోవచ్చని. దాన్ని చదవడానికి జనం ఒకరినొకరు తోసుకుంటున్నారు. "మీరు కానివ్వండి" అనే మాట ఆ వరండాలో వినపడడం మానేసింది. లైబ్రరీ ఆవిడ కాపలాదారును పక్కకు నెట్టింది. తోటమాలి లైబ్రరీ ఆవిడను నెట్టాడు. లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే అందరూ ఒక్కసారిగా దూరి ఇరుక్కుపోయారు.

ఆ దిద్దుబాటు రాసింది లెక్కలాయనే. అయినా ఎందుకైనా మంచిదని మోచెయ్యి అడ్డం పెట్టే లోపలికి వెళ్లాడు.